అమెరికాలో పెద్దలకు సర్కారు వైద్య బీమా: మన తల్లిదండ్రులకు ఎంతవరకు?

"మావారికి 68 ఏళ్లు, నాకు 66. ఆయనకు షుగరు, బి.పి. రెండూ ఉన్నాయి. నాకు మోకాళ్ల నొప్పులు. మా అబ్బాయికి అమెరికా పౌరసత్వం వచ్చింది. మా ఇద్దరికీ గ్రీన్ కార్డుకు కాగితాలు పెట్టాడు. అక్కడ 65 దాటిన వాళ్లందరికీ గవర్నమెంటే వైద్యం చేయిస్తుందట గదా! ఇక ఇక్కడ ఏటేటా కట్టే ఆరోగ్య బీమా దండగేనని, ఈ ఏడు కట్టడం మానేద్దామని మావారు అంటున్నారు. మానేయవచ్చునా?" అని తెనాలి నుంచి ఒక పాఠకురాలు అడిగారు.

అమ్మా, మానవద్దు. ముందు ఈ ఒక్క మాట మీవారికి చెప్పి, తరువాత తీరిగ్గా మిగతాది చదివి వినిపించండి. మీరు విన్నదానిలో సగం నిజమే. అమెరికాలో 65 ఏళ్లు నిండినవారికి, కొందరు వికలాంగులకు ప్రభుత్వ బీమా ఉన్న మాట వాస్తవం. దాని పేరు మెడికేర్. కాని అది గడప తొక్కిన ప్రతి పెద్దమనిషికీ ఇచ్చే ధర్మవైద్యం కాదు. అక్కడ ఏళ్ల తరబడి పనిచేసి, జీతంలోంచి పన్ను కట్టినవారికి ముసలితనంలో దక్కే హక్కు. ఈ తేడా తెలియక ఇక్కడి బీమా వదులుకుని వెళ్లినవారు రెంటికీ చెడతారు.

ఈ బీమా ఎందుకు పుట్టింది?

బీమా కంపెనీ ఏదైనా లెక్క ఒకటే. జబ్బు వచ్చే అవకాశం తక్కువగా ఉన్నవారిని పిలిచి చేర్చుకుంటుంది. ఎక్కువగా ఉన్నవారి దగ్గర ఎక్కువ ప్రీమియం అడుగుతుంది, లేదా వద్దంటుంది. మనిషికి ఆస్పత్రి అవసరం ఎక్కువగా పడేది ఉద్యోగం విరమించి, సంపాదన ఆగిపోయిన తరువాతనే. అంటే బీమా ఎప్పుడు బాగా కావాలో సరిగ్గా అప్పుడే అది అందకుండా పోతుంది. 1965కు ముందు అమెరికాలో ఇదే జరిగింది. అంత సంపన్న దేశంలోనూ వృద్ధులలో దాదాపు సగం మందికి ఆస్పత్రి బీమా లేదు. ఒక్క ఆపరేషను వస్తే జీవితమంతా కూడబెట్టింది ఊడ్చుకుపోయేది. లేకపోతే పిల్లల మీద పడేది.

దేశంలో అందరికీ ఆరోగ్య బీమా ఉండాలని 1945లోనే అధ్యక్షుడు హారీ ట్రూమన్ ప్రతిపాదించాడు. అక్కడి వైద్యుల సంఘం గట్టిగా ఎదిరించింది. ఆ ప్రతిపాదన నెగ్గలేదు. ఇరవై ఏళ్ల తరువాత, అందరికీ కాకపోయినా కనీసం వృద్ధులకైనా ఉండాలని చట్టం చేశారు. 1965 జులై 30న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మిస్సోరి రాష్ట్రంలో ట్రూమన్ సొంత ఊరికి వెళ్లి, ఆయన పక్కన కూర్చుని ఆ చట్టంపై సంతకం చేశాడు. మొదటి కార్డు 81 ఏళ్ల ట్రూమన్‌కే ఇచ్చారు. 1966 జులై 1 నుంచి బీమా అమలులోకి వచ్చింది. ఆ డబ్బు కావాలంటే ఆస్పత్రులు తెల్లవారికి, నల్లవారికి వేరు వేరు వార్డులు పెట్టరాదని షరతు కూడా పెట్టారు. ప్రజల సొమ్ము ఇచ్చేటప్పుడు ప్రభుత్వం ఇలాంటి మంచి పనులు కూడా చేయించవచ్చు.

డబ్బు ఎవరిది?

సర్కారు బీమా అంటే ఊరికే వచ్చేదని మనలో చాలామంది అనుకుంటారు. మెడికేర్‌లో ఊరికే వచ్చేది చాలా తక్కువ.

ఆస్పత్రిలో చేరినప్పటి ఖర్చు భరించే భాగాన్ని "ఏ" భాగం అంటారు. దీనికి డబ్బు జీతాల మీద పన్ను నుంచి వస్తుంది. ఉద్యోగి జీతంలో నూటికి 1.45 వంతు కోస్తారు. యజమాని మరో 1.45 వంతు కలుపుతాడు. పెద్ద జీతాలవారి మీద 2013 నుంచి ఇంకో 0.9 వంతు అదనంగా ఉంది. అక్కడ ఉద్యోగం చేస్తున్న మన తెలుగు పిల్లల జీతం చీటీ చూడండి, మెడికేర్ పేరుతో ఒక కోత కనబడుతుంది. అది వాళ్ల పేర విడిగా దాచిపెట్టే సొమ్ము కాదు. ఈనాడు పనిచేసేవారు కట్టినది ఈనాటి ముసలివారి వైద్యానికి పోతుంది. రేపు వీరు ముసలివారైతే రేపటి యువకులు కడతారు.

డాక్టరు ఫీజులు, పరీక్షలు, ఆస్పత్రిలో పడకుండా చేయించుకునే వైద్యం "బి" భాగం. దీని ఖర్చులో ముప్పాతిక వంతు ప్రభుత్వ సాధారణ ఖజానా భరిస్తుంది. మిగిలిన పాతిక వంతు చేరినవారు నెలనెలా కట్టే ప్రీమియం. 1966లో ఆ ప్రీమియం నెలకు 3 డాలర్లు. 2025లో 185 డాలర్లు. మందుల బిల్లులకు "డి" భాగం 2006లో మొదలైంది. దానికి మళ్లీ వేరే ప్రీమియం.

2024 నాటికి ఈ బీమాలో ఉన్నవారు సుమారు 6 కోట్ల 80 లక్షల మంది. ఏడాది ఖర్చు లక్ష కోట్ల డాలర్లు దాటింది. అంత మొత్తం కాబట్టి చింత కూడా అంతే ఉంది. ముసలివారు పెరుగుతున్నారు, వారికోసం పన్ను కట్టే చేతులు ఆ వేగంతో పెరగడం లేదు. ఆస్పత్రి భాగానికి ఉన్న నిల్వ 2033 నాటికి తరిగిపోతుందని, తరువాత వచ్చే రాబడి పూర్తి ఖర్చుకు చాలదని 2025లో ఆ నిధి ధర్మకర్తలు అంచనా వేశారు. అందుకే కొత్తగా వచ్చినవారిని చేర్చుకోవడంలో షరతులు అంత కచ్చితంగా ఉంటాయి.

హక్కు ఎవరికి?

అక్కడ కనీసం పదేళ్లు పనిచేసి పన్ను కట్టి, 65 ఏళ్లు నిండినవారికి "ఏ" భాగం ప్రీమియం లేకుండా వస్తుంది. ఈ పదేళ్లను వాళ్లు మూడేసి నెలల లెక్కన 40 వంతులుగా లెక్కపెడతారు. భర్త పనిచేసి ఉంటే ఆ లెక్క మీద భార్యకూ, భార్య పనిచేసి ఉంటే భర్తకూ ఈ హక్కు వస్తుంది. కాని కొడుకో కూతురో పదేళ్లు కాదు, పాతికేళ్లు పనిచేసినా సరే, వాళ్లు బ్రతికి ఉండగా వాళ్ల లెక్క తల్లిదండ్రులకు పనికిరాదు. "మా వాడు అక్కడ అంత పన్ను కడుతున్నాడు గదా, ఆ మాత్రం మమ్మల్ని చూడరా?" అని చాలామంది అంటారు. న్యాయంగా తోచే ప్రశ్నే. చట్టం మాత్రం అలా లేదు.

మరి గ్రీన్ కార్డు మీద వెళ్లిన తల్లిదండ్రులకు దారే లేదా? ఉంది. 65 నిండి, గ్రీన్ కార్డుతో అమెరికాలో వరుసగా అయిదేళ్లు నివసించిన తరువాత వారు మెడికేర్‌ను డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. 2025 లెక్క ప్రకారం పని లెక్క ఏమీ లేనివారికి "ఏ" భాగం నెలకు 518 డాలర్లు, "బి" భాగం 185 డాలర్లు. మనిషికి 703. ఇద్దరికీ కలిపి ఏడాదికి 16,872 డాలర్లు. మన రూపాయల్లో పద్నాలుగు లక్షల పైమాటే. ఈ అంకెలు ప్రతి జనవరిలో మారుతుంటాయి, ఎక్కువసార్లు పైకే పోతుంటాయి. "ఏ" లేకుండా "బి" ఒక్కటే తీసుకునే వీలుంది గాని, అప్పుడు ఆస్పత్రి పడక ఖర్చు నెత్తిమీదే ఉంటుంది.

గడువు విషయంలో కూడా జాగ్రత్త అవసరం. 65 నిండే నెలకు మూడు నెలలు ముందు, ఆ నెల, తరువాత మూడు నెలలు, మొత్తం ఏడు నెలల లోపల చేరాలి. అయిదేళ్లు నిండేసరికే 65 దాటిపోయినవారు ఆ అయిదేళ్లు నిండిన మూడు నెలల లోపల దరఖాస్తు పెట్టుకోవడం మేలు. ఊరికే ఆలస్యం చేస్తే "బి" భాగం ప్రీమియం ఆలస్యమైన ప్రతి పన్నెండు నెలలకు నూటికి పది చొప్పున పెరుగుతుంది. ఆ పెంపు ఏదో ఒక ఏడాదితో పోదు, బీమా ఉన్నన్నాళ్లూ కట్టవలసిందే.

ఆ అయిదేళ్లూ ఎలా?

తెనాలి సోదరి అసలు ఆలోచించవలసింది ఇక్కడ. 68 ఏళ్ల షుగరు రోగి 73 వచ్చేదాకా మెడికేర్ లేకుండా ఉండాలి. గుండెకు, మూత్రపిండాలకు, కళ్లకు షుగరు చెరుపు చేసే వయసు సరిగ్గా అదే.

ఈ అయిదేళ్లకు మీ అబ్బాయి మీ పేర ప్రైవేటు బీమా కొనాలి. అక్కడ ప్రభుత్వమే నడిపే బీమా బజారులో గ్రీన్ కార్డు వచ్చినవారు పాలసీ కొనుక్కోవచ్చు. దేశంలో స్థిరపడే హోదా వచ్చిన 60 రోజుల లోపల చేరాలి, లేకపోతే ఏడాదికొకసారి తెరిచే గడువు దాకా ఆగాలి. ఆ పాలసీలలో పాత జబ్బులున్నాయని కాదనరు, అది పెద్ద మేలు. అయితే పెద్ద వయసువారి దగ్గర యువకుల కంటే మూడు రెట్ల దాకా ప్రీమియం తీసుకోవచ్చునని చట్టమే చెబుతోంది. ప్రీమియంలో ప్రభుత్వ సాయం ఎంత వస్తుందన్నది కుటుంబ ఆదాయాన్ని బట్టి, ఆ ఏటి నిబంధనలను బట్టి మారుతుంది. మీ అబ్బాయి ఉద్యోగంలో ఇచ్చే బీమాలో భార్యాపిల్లలు చేరతారు గాని, తల్లిదండ్రులను సాధారణంగా చేర్చుకోరు. బీదవారికి ఇచ్చే మెడికెయిడ్ అనే మరో పథకం ఉంది. దానికీ గ్రీన్ కార్డు వచ్చినవారు సాధారణంగా అయిదేళ్లు ఆగాలి. పైగా మిమ్మల్ని తెచ్చుకునేటప్పుడు మీ పోషణ బాధ్యత తనదని మీ అబ్బాయి ప్రభుత్వానికి సంతకం చేసి ఇస్తాడు.

కాబట్టి టిక్కెట్టు కొనేముందే అబ్బాయిని ఒక ప్రశ్న అడగండి: "నాయనా, మేము దిగిన రోజు నుంచి మా వైద్యానికి ఏ పాలసీ, నెలకెంత?" ఇలా అడగడం పిల్లలను అనుమానించడం కాదు. పిల్లలు మొహమాటపడి చెప్పకపోవచ్చు, పెద్దలు మొహమాటపడి అడగకపోవచ్చు. ఆ మొహమాటం ఖరీదు ఆస్పత్రి బిల్లు వచ్చినప్పుడు తెలుస్తుంది.

చేరిన తరువాత అన్నీ ఇస్తుందా?

ఇవ్వదు. 2025లో ఆస్పత్రిలో చేరితే మొదటి 1,676 డాలర్లు రోగి చేతినుంచి పెట్టుకోవాలి. ఆ తరువాత 60 రోజుల దాకా పడక ఖర్చు బీమాది. 61వ రోజు నుంచి మళ్లీ రోజుకింత అని రోగి వంతు ఉంటుంది. డాక్టర్ల ఫీజులలో, పరీక్షలలో నూటికి 20 వంతులు రోగివే, దానికి పైహద్దు లేదు. ఈ భారం తప్పించుకోవడానికి అక్కడివారు పైన ఇంకో ప్రైవేటు పాలసీ తీసుకుంటారు, లేదా మెడికేర్‌నే ప్రైవేటు కంపెనీ ద్వారా పొందుతారు. రెండవ దారిలో ఖర్చుకు హద్దు ఉంటుంది గాని, ఆ కంపెనీ జాబితాలోని డాక్టర్ల దగ్గరికే వెళ్లవలసి రావచ్చు.

పళ్ల వైద్యం, కట్టుడు పళ్లు, మామూలు కళ్లజోళ్లు, చెవిటి మిషన్లు మామూలు మెడికేర్‌లో రావు. ముసలితనంలో రోజూ కావలసినవి ఇవే! శుక్లాల ఆపరేషనుకు మాత్రం ఇస్తుంది. మంచాన పడినవారికి స్నానం చేయించి, అన్నం తినిపించే ఆయా ఖర్చు నెలల తరబడి ఇవ్వదు. ఆస్పత్రి నుంచి వచ్చాక నర్సింగు అవసరమైతే షరతుల మీద 100 రోజుల దాకానే ఇస్తుంది, అందులోనూ పూర్తిగా ఇచ్చేది మొదటి 20 రోజులకే.

ఇంకో ముఖ్య సంగతి. మెడికేర్ సాధారణంగా అమెరికా బయట జరిగిన వైద్యానికి పైసా ఇవ్వదు. సంక్రాంతికి వచ్చి నాలుగు నెలలు మన ఊళ్లో ఉన్నప్పుడు గుండెనొప్పి వస్తే ఆ కార్డు పనిచేయదు. అయిదేళ్లు నిండకముందే మాటిమాటికీ వచ్చి దీర్ఘకాలం ఇక్కడ ఉండిపోతే ఆ అయిదేళ్ల లెక్కకే భంగం రావచ్చు.

వికలాంగుల సంగతి

వరంగల్లు నుంచి మరొక పాఠకుడు రాశారు: "మా తమ్ముడికి 40 ఏళ్లు. పుట్టుకతోనే బుద్ధిమాంద్యం. మా అన్నయ్య అమెరికా తీసుకుపోతానంటున్నాడు. అక్కడ వికలాంగులకు గవర్నమెంటు బీమా ఉందట. మా తమ్ముడికి వస్తుందా?"

మొదట మెడికేర్ 65 దాటినవారికే ఉండేది. 1972లో చట్టాన్ని సవరించి, 1973 జులై నుంచి వికలాంగులను కూడా చేర్చారు. మూత్రపిండాలు పూర్తిగా చెడి డయాలిసిస్ మీద బ్రతికేవారిని కూడా వయసుతో పని లేకుండా చేర్చారు. దానికి ముందు, 1971 నవంబరులో, ఒక రోగి అమెరికా చట్టసభ కమిటీ ముందు డయాలిసిస్ మిషను పెట్టించుకుని, రక్తం శుద్ధి అవుతుండగానే తమ బాధ చెప్పుకున్నాడు. మిషను ఉంది, దాని మీద బ్రతకవచ్చు, కాని డబ్బు లేక చనిపోతున్నామని వారి మొర.

ఇక్కడ కూడా హక్కు పనితో ముడిపడి ఉంది. అక్కడ తగినన్నాళ్లు పనిచేసి, ఆ తరువాత జబ్బువల్లో ప్రమాదం వల్లో పనిచేయలేని స్థితికి వచ్చినవారికి ముందు వికలాంగ భృతి మంజూరవుతుంది. భృతి రావడానికే సాధారణంగా అయిదు నెలలు పడుతుంది. భృతి వచ్చిన 24 నెలల తరువాత మెడికేర్ వస్తుంది. అంటే మంచాన పడినవాడు దాదాపు రెండున్నరేళ్లు ఎదురు చూడాలి! కండరాల నరాలు చచ్చుబడే ఏ.ఎల్.ఎస్. అనే జబ్బు రోగులు అన్నాళ్లు బ్రతకడమే కష్టం కాబట్టి 2001 నుంచి వారికి ఆ 24 నెలలు తీసివేశారు. డయాలిసిస్ రోగికి సాధారణంగా నాలుగో నెల నుంచి మొదలవుతుంది. దానికి కూడా తనదో, భార్యదో, భర్తదో, చిన్నపిల్లలైతే తల్లిదండ్రులదో పని లెక్క ఉండాలి.

పుట్టుకతో వైకల్యం ఉండి తానుగా పనిచేయలేనివారికి తల్లి లేక తండ్రి అక్కడ పనిచేసిన లెక్క మీద హక్కు రావచ్చు. వైకల్యం 22 ఏళ్ల లోపల మొదలై ఉండాలి. అన్నగారి పని లెక్క తమ్ముడికి పనికిరాదు. కాబట్టి వరంగల్లు సోదరుడు ఆ ఆశ మీద ప్రయాణం పెట్టుకోవద్దు.

అంతకన్నా ముందు ఇక్కడ ఉన్నదాన్ని వాడుకోండి. బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలు ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వపు నేషనల్ ట్రస్టు "నిరామయ" అనే బీమా నడుపుతోంది. ఏడాదికి లక్ష రూపాయల దాకా ఇస్తుంది. ఆస్పత్రిలో చేరకుండా చేయించే వైద్యం, ఫిజియోథెరపీ వంటివి కూడా అందులో ఉన్నాయి. చేరేముందు వైద్య పరీక్షలు అడగరు. వైకల్య ధ్రువపత్రం మాత్రం ఉండాలి. లక్ష రూపాయలు పెద్ద ఆపరేషనుకు చాలవు, నిజమే. కాని ఇలాంటివారికి ఏళ్ల తరబడి నడిచే చిన్న ఖర్చులకు అది ఆసరా.

చూడటానికి వెళ్లేవారికి

మనవరాలి పురిటికని, మనవడి పుట్టినరోజని ఆరు నెలలకు సందర్శకుల వీసా మీద వెళ్లేవారికి మెడికేర్ ఊసే లేదు. ప్రయాణ బీమా తీసుకుని వెళ్లాలి. తక్కువ ధరకు వచ్చే పాలసీలు ఒక్కొక్క వైద్యానికి ఇంతే అని గీత గీస్తాయి. అక్కడి బిల్లు ముందు ఆ మొత్తం ఎందుకూ చాలదు. ధర కాస్త ఎక్కువైనా, పెద్ద మొత్తం దాకా బిల్లులో ఎక్కువ భాగం భరించే పాలసీ మేలు. పాత జబ్బుల గురించిన షరతు తప్పక చదవండి. ఉన్న జబ్బు ఉన్నట్టుండి విషమిస్తేనే ఇస్తామని, రోజువారీ షుగరు వైద్యానికి ఇవ్వమని చాలా పాలసీలలో ఉంటుంది.

ప్రాణం మీదికి వస్తే మాత్రం భయపడి ఇంట్లో కూర్చోవద్దు. 1986 చట్టం ప్రకారం అక్కడి ఆస్పత్రుల అత్యవసర విభాగం డబ్బున్నదా లేదా అని చూడకుండా రోగిని పరీక్షించి, ప్రమాదం తప్పించాలి. బిల్లు తరువాత తప్పక వస్తుంది. కాని గుండెనొప్పి, పక్షవాతం లక్షణాలు కనబడితే బిల్లు సంగతి తరువాత, ప్రాణం ముందు.

ఇక్కడి బీమా ఎందుకు నిలుపుకోవాలి?

అమెరికా వెళ్లిన పెద్దలందరూ అక్కడే ఉండిపోరు. చలి పడక, మాట్లాడే మనిషి లేక, కారు నడపడం రాక, ఏడాదికో రెండేళ్లకో తిరిగి వచ్చేవారు ఉన్నారు. తిరిగి వచ్చాక కొత్తగా బీమా కొనబోతే వయసు రెండేళ్లు పెరిగి ఉంటుంది, జబ్బు ఇంకొకటి తోడై ఉంటుంది. 2024 ఏప్రిల్ నుంచి మన దేశంలో 65 దాటినా కొత్త పాలసీ ఇచ్చే వీలు కలిగించారు. పాత జబ్బులకు నిరీక్షణ కాలం మూడేళ్లకు మించరాదన్నారు. మంచిదే. కాని మీవారు ఇప్పటికే ఆ నిరీక్షణ పూర్తిచేసి ఉంటే, మానేసి మళ్లీ చేరినప్పుడు ఆ మూడేళ్లు మొదటి నుంచి ఎదురు చూడవలసి రావచ్చు. ఏళ్ల తరబడి కట్టి సంపాదించుకున్న సీనియారిటీ అది, ఒక్క ఏడు మానితే పోతుంది. ఏడాది ప్రీమియం గడువు దాటినా సాధారణంగా 30 రోజుల వెసులుబాటు ఉంటుంది. దాన్ని నమ్ముకోకుండా ముందే కట్టండి. ఎక్కువకాలం విదేశంలో ఉంటామని కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి, జవాబు దాచుకోండి.

డెబ్బై ఏళ్లు నిండినవారికి మన కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ భారత్‌లో కొత్త కార్డు మొదలుపెట్టింది. ఆదాయంతో పని లేదు. కుటుంబంలోని 70 దాటిన పెద్దలందరికీ కలిపి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఆస్పత్రి వైద్యం. పాత జబ్బులకు నిరీక్షణ లేదు. ప్రీమియం లేదు. జాబితాలో ఉన్న ఆస్పత్రులలో చేరితేనే వర్తిస్తుంది, బయట డాక్టరు ఫీజుకు, నెలవారీ మాత్రలకు వర్తించదు. అమెరికా పద్ధతికి దీనికి తేడా చూడండి. అక్కడ పని లెక్క అడుగుతారు, ఇక్కడ వయసు అడుగుతారు. అక్కడ డాక్టరు ఫీజు, మందులు కూడా ఉన్నాయి, ఇక్కడ లేవు. మీ ఇంట్లో 70 నిండినవారుంటే ఆధార్ తీసుకుని దగ్గరి ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి వివరాలు కనుక్కోండి. జబ్బు చేసిన రోజు కార్డుకోసం తిరగవద్దు.

బయలుదేరే ముందు చేయవలసినవి

1. పళ్లు, కళ్లు, చెవులు ఇక్కడే చూపించుకోండి. పీకవలసిన పన్ను పీకించి, కట్టుడు పళ్లు కట్టించుకుని, కళ్లజోడు రెండు జతలు చేయించుకుని వెళ్లండి. అక్కడ బీమాలో రానివి ఇవే.

2. షుగరు మూడు నెలల సగటు పరీక్ష, మూత్రపిండాల పరీక్ష, ఇ.సి.జి. చేయించండి. ఆ కాగితాల నకళ్లు చేతిసంచిలో పెట్టుకోండి.

3. వాడే మందుల చీటీ డాక్టరు చేత కంపెనీ పేర్లతో కాక, మందు అసలు పేర్లతో రాయించుకోండి. మన కంపెనీల పేర్లు అక్కడివారికి తెలియవు. మన పారాసిటమాల్‌ను వాళ్లు ఎసిటమినోఫెన్ అంటారు. ఉబ్బసానికి వాడే సాల్బ్యుటమాల్‌ను అల్బ్యుటెరాల్ అంటారు. పేరు తెలియక ఒకే మందును రెండు పేర్లతో మింగినవారికి ప్రమాదం. నొప్పులకు ఇక్కడ తరచు వాడే నిమిసులైడ్‌కు అక్కడ అనుమతే లేదు. మోకాళ్ల నొప్పులున్న తెనాలి సోదరి తనకు ప్రత్యామ్నాయం ఏమిటో ఇక్కడి డాక్టరునే అడిగి వెళ్లాలి.

4. మందులు మూడు నెలలకు మించకుండా, అసలు అట్టలతో, చీటీతో సహా తీసుకెళ్లండి. ఆ మూడు నెలలు గడిచేలోపల అక్కడ ఒక కుటుంబ డాక్టరును చూసుకోండి. ఇంటి నుంచి వచ్చే పార్సిలు మీద బి.పి. మాత్రలు ఆధారపడి ఉండకూడదు.

5. అత్తగారి ఆరోగ్యం సంగతి కొడుకు ఒక్కడికే తెలిస్తే చాలదు. పగలు ఇంట్లో ఎవరుంటారో వారికి మందుల వేళలు, అలర్జీలు, బీమా కార్డు ఉన్న చోటు తెలియాలి.

ఆరోగ్య బీమా పంటకు ముందు కట్టిన చేనుగట్టు లాంటిది. వరద వచ్చాక కట్టలేము. పిల్లల దగ్గరికి సంతోషంగా వెళ్లి రండి. కాని అక్కడి గట్టు పూర్తయ్యేదాకా ఇక్కడి గట్టు తెగనివ్వకండి.

(ఉత్తరాలు రాసే పాఠకులు రోగి వయసు, వాడుతున్న మందులు, ఎంతకాలంగా వాడుతున్నదీ తప్పక రాయాలి.)